ఆరు కత్తులు, ఒక మామిడి తోట: క్యాంపింగ్ కత్తికి ఎంత పెట్టొచ్చు?

కొండదారి (కడప)

ట్రెక్కింగ్‌కి మంచి కత్తి చెప్పండి అని ఈ ఫోరంలో నెలకొకరు అడుగుతారు, పదిమంది పది లింకులు పెడతారు, ఏదీ తేలదు. ఈసారి నా దగ్గరున్నవీ, స్నేహితుల దగ్గర అడిగి తెచ్చుకున్నవీ ఆరు కత్తులు ఒకేచోట పెట్టి ఒకే పనులకు వాడి చూశాను. చోటు మా బంధువుల మామిడి తోట. అడవిలోకి ఎందుకు వెళ్లలేదో మన లాయరు గారు ఎలాగూ వచ్చి చెప్తారు.

ముందు కత్తులు. మోరా కంపానియన్, స్టెయిన్‌లెస్ రకం: స్వీడన్‌లో మోరా అనే ఊరిది, నాలుగు అంగుళాల బ్లేడు, రెండున్నర మిల్లీమీటర్ల మందం, ప్లాస్టిక్ ఒర. ఒపినెల్ నంబర్ 8, కార్బన్ స్టీలు (తుప్పు పట్టే రకం ఉక్కు): ఫ్రాన్సు మడత కత్తి, బీచ్ చెక్క పిడి, 8.5 సెంటీమీటర్ల బ్లేడు. డీ2 అనే బాగా గట్టి రకం స్టీలుతో చేసిన చైనా కత్తి, పిడి చివరిదాకా ఒకే ఇనుము, నాలుగున్నర మిల్లీమీటర్ల మందం. ఆన్‌లైన్‌లో దొరికే ‘సర్వైవల్’ కత్తి, వెనక రంపం పళ్లు, బోలు పిడిలో అగ్గిపుల్లలు, గాలం, మూతకి దిక్సూచి. మా ఊరి పక్కన కొలిమిలో లారీ కమాన్ పట్టీతో (లారీ కింద స్ప్రింగులా ఉండే ఇనుప బద్ద) చేసిన కత్తి. ఆరోది విక్టోరినాక్స్ వంటింటి చాకు, ఐదారు వందల్లో వచ్చేది. దాన్ని కావాలనే పెట్టాను. మిగతావన్నీ దానికంటే ఎంత మెరుగో తెలియాలి కదా.

పనులు మామూలువే. ఎండు వెదురు చీల్చడం, నైలాన్ తాడు, కొబ్బరి తాడు కోయడం, పొయ్యి రాజేయడానికి చింత కట్టె మీద పల్చటి పొరలు లేపడం, ఉల్లిపాయలు, టమాటాలు, చేప శుభ్రం చేయడం. చివర్లో నిమ్మకాయ కోసి తుడవకుండా రాత్రంతా వదిలేయడం.

అన్నిటికంటే ఎక్కువ చెప్పింది కొబ్బరి తాడు. పీచులో ఇసుక రేణువులు ఉంటాయి, పదునుని అవి అరగదీస్తాయి. తాడు కోసిన ప్రతిసారీ కత్తిని న్యూస్ పేపరు అంచు మీద లాగి చూశా. పదును ఉంటే పేపరు చప్పుడు లేకుండా తెగుతుంది. పోయాక ఒకచోట తట్టుకుని చిరుగుతుంది. ముందుగా చేతులెత్తేసింది సర్వైవల్ కత్తి, దాని వెంటే కమాన్ పట్టీ కత్తి. వంటింటి చాకు, మోరా, ఒపినెల్ కొంచెం అటూఇటూగా ఒకచోటే ఆగాయి. డీ2 మాత్రం మిగతావన్నీ మొద్దుబారాక కూడా పేపరు కోస్తూనే ఉంది.

అయితే అదే డీ2 వెదురు కణుపు దగ్గర పక్కకి మెలిపెట్టినప్పుడు అంచులో చిన్న ముక్క ఎగిరింది, ఆవగింజంత. మోరాకి అదే కణుపు దగ్గర అంచు కొద్దిగా వంగింది, ముక్క పోలేదు. వంగిన అంచు రాయి మీద పది నిమిషాల్లో సరి అయ్యింది. డీ2 పెచ్చు పోగొట్టడానికి ఆదివారం సాయంత్రం మొత్తం పట్టింది, అదీ డైమండ్ ప్లేట్ (వజ్రపు పొడి అద్దిన సాన పలక) ఉంది కాబట్టి.

కూరగాయల దగ్గర మందం కత్తులన్నీ దండగ. డీ2తో ఉల్లిపాయ కోస్తే కోసినట్టు ఉండదు, పగలగొట్టినట్టు ఉంటుంది. మోరా కూడా క్యారెట్‌ని సగం కోసి సగం చీలుస్తుంది. ఒపినెల్, వంటింటి చాకు ఇక్కడ రాజులు.

నిమ్మరసం రాత్రికి ఒపినెల్ నల్లబడింది, కమాన్ కత్తికి ఎర్రటి తుప్పు చుక్కలు వచ్చాయి, డీ2 మీద లేత మచ్చలు. మోరా, విక్టోరినాక్స్ తుడిస్తే కొత్తవాటిలా ఉన్నాయి. సర్వైవల్ కత్తికి తుప్పు రాలేదు, కానీ వెదురు చీల్చినప్పుడే దాని పిడి లూజైంది. బ్లేడు పిడిలోకి ఒక అంగుళం కూడా దిగలేదు, చిన్న బోల్టుతో బిగించారు. అది కత్తి కాదు, గిఫ్టు వస్తువు.

నా లెక్క: డబ్బుకు తగ్గది మోరా. వంట ఎక్కువ, కట్టె పని తక్కువ అయితే ఒపినెల్. ఇంతకంటే ఖరీదైన కత్తికి ఎనిమిది వేలు పెట్టాల్సిన పని నాకైతే కనపడలేదు.

గోదారి_గట్టు (రాజమండ్రి)

బాగా రాశారన్నా. కానీ వెదురు దగ్గరికొచ్చేసరికి నవ్వొచ్చింది. మారేడుమిల్లిలో బొంగులో చికెన్ చేసేవాళ్లని చూడండి, చేతిలో ఒకే ఒక బరువు కత్తి, ముందు వైపు కాస్త వంకీ. రెండు దెబ్బలకి పచ్చి బొంగు కణుపు కింద తెగి పడుతుంది. నాలుగు అంగుళాల మోరాతో మీరు అదే పని గంట చేస్తారు. వెదురుకి విసిరే బరువు కావాలి. ఏ పనికి ఏ కత్తి అన్న ప్రశ్న వదిలేసి అన్ని పనులూ ఒకే కత్తితో చేయించి మార్కులు వేశారు.

కొండదారి (కడప)

నరకడం పెట్టలేదు తమ్ముడూ, చీల్చడమే పెట్టాను. ఎండు బొంగు నిలబెట్టి పైన కత్తి ఆనించి కర్రతో కొడితే నిలువునా చీలుతుంది, దానికి మోరా చాలు. పచ్చి బొంగు నరకాలంటే నువ్వు చెప్పిన కత్తే. కానీ బ్యాగులో వేసుకుని బస్సెక్కే వాడు ఆ కత్తి మోసుకుపోతాడా?

విశాఖ_ఘాట్ (విశాఖపట్నం)

అసలు కత్తి నెత్తి మీద కర్రతో కొట్టి కట్టెలు చీల్చడం మనకి ఎందుకు? యూట్యూబ్‌లో స్వీడన్ వాళ్లు, కెనడా వాళ్లు చేస్తారు. అక్కడ కట్టె పైనంతా తడి, లోపలి గుండె పొడి. ఆ పొడి చెక్క కోసం చీలుస్తారు. మనకి ఫిబ్రవరిలో కడప కొండ మీద ఎటు చూసినా ఎండు పుల్లలే. చేత్తో విరిస్తే సరిపోతుంది. వీడియోలు చూసి ఆరు మిల్లీమీటర్ల మందం కత్తి కొనేసి దానితో టమాటా కోయలేక ఏడ్చేవాళ్లు నాకు తెలిసి చాలామంది ఉన్నారు.

అరకు_అమ్మాయి (పాడేరు)

మీరు ఎండాకాలం లెక్క చెప్తున్నారు సార్. ఆగస్టులో మా వైపు రండి. వారం ముసురు పట్టిందంటే నేల మీద పడ్డ పుల్ల ఒక్కటీ అంటుకోదు. అప్పుడు మణికట్టంత కట్టె చీల్చి, లోపలి పొడి భాగం నుంచి పొరలు లేపితేనే పొయ్యి రాజుకుంటుంది. దానికీ మందం కత్తి అక్కర్లేదు, మోరా చాలు. కట్టె మరీ లావుది తీసుకోకండి, ముడి లేనిది చూసుకోండి.

ఇంకొకటి. రివ్యూలు రాసేవాళ్లంతా పెద్ద చేతుల మగవాళ్లే. కంపానియన్ పిడి నా చేతికి లావు, పావుగంట చెక్కితే అరచెయ్యి నొప్పి. ఒపినెల్ నంబర్ 7 నాకు సరిగ్గా సరిపోయింది. బ్లేడు 8 సెంటీమీటర్లు, పిడి సన్నం. ఒకటే చిక్కు, వానలో చెక్క ఉబ్బి కత్తి తెరుచుకోదు. పిడి వెనక కొసని రాయి మీద తట్టాలి, అప్పుడు బ్లేడు ముక్కు కాస్త బయటికొస్తుంది. నేను బ్లేడు తిరిగే కీలు దగ్గర చెక్కకి అవిసె నూనె పట్టించి ఎండబెట్టాను, చాలావరకు తగ్గింది.

కొండదారి (కడప)

అక్కా, పిడి సంగతి నేను రాయాల్సింది కాదు, మీరే రాయాలి, రాశారు. ఒపినెల్ వాడేవాళ్లు పిడి మీది రింగు తిప్పి లాక్ చేయడం మరవొద్దు. 1955 నుంచి వస్తోంది ఆ రింగు. అది తిప్పకుండా గట్టిగా పొడిచే పని చేస్తే బ్లేడు మడుచుకుని వేళ్ల మీదకే వస్తుంది.

కొలిమి_మనవడు (సిద్దిపేట)

కొండదారి అన్నా, కోపం చేసుకోకు, కమాన్ పట్టీ కత్తికి అన్యాయం చేసినవ్. కమాన్ పట్టీ మంచి ఇనుము. స్ప్రింగు స్టీలు కాబట్టి వంగి తిరిగి వస్తది, విరగదు. పదును నిలబడలేదంటే ఇనుము తప్పు కాదు, కాల్చినోడి తప్పు. ఎర్రగా కాల్చి నూనెలో ముంచిండా, నీళ్లల్ల ముంచిండా, అసలు ముంచిండా లేదా? చాలామంది ఇప్పుడు పట్టీని కోసి, గ్రైండరుతో ఆకారం తీసి, అట్లనే ఇచ్చేస్తున్నరు.

మా తాత అయస్కాంతం పెట్టి చూసేటోడు. ఇనుము కాలుతుంటే ఒక దగ్గర అయస్కాంతం పట్టుడు ఆగిపోతది, సుమారు 770 డిగ్రీల కాడ. ఇంకొంచెం కాల్చి గోరువెచ్చటి నూనెలో ముంచాలె. ముంచినంక ఆకురాయి పెట్టి రుద్దితే గాజు మీద జారినట్టు జారాలె. ఆకురాయి కరిచిందంటే గట్టిపడలేదని. జారిందంటే ఇంకో పని ఉంది, అట్లనే వదిలితే పెళుసు. రెండొందల నుంచి రెండొందల యాభై డిగ్రీల వేడిలో గంట, రెండు గంటలు ఉంచాలె, ఇనుము మెరుగు మీద గడ్డి రంగు వస్తది. ఇంట్ల కేకులు చేసే ఓవెన్‌ల కూడా అయితది ఆ పని.

నీ కత్తికి ఆకురాయి పెట్టి చూడు.

కొండదారి (కడప)

పెట్టి చూశా. ఆకురాయి హాయిగా కరిచింది, మెత్తటి మేకుని రుద్దినట్టే. అంటే మీరన్నదే, ముంచలేదు.

కానీ నా మార్కులు మార్చను. కొన్న వస్తువుని కొన్నట్టే చూశాను. మోరా ఏ షాపులో కొన్నా, ఏ సంవత్సరం కొన్నా ఒకేలా ఉంటుంది. కొలిమి కత్తి చేసేవాడిని బట్టి ఉంటుంది. మీ తాత గారి చేతిది దొరికితే నా జాబితాలో మొదటి స్థానం అదేనేమో. ముక్కూమొహం తెలియని కొలిమిలో కొంటే లాటరీ.

కొలిమి_మనవడు (సిద్దిపేట)

గది ఒప్పుకుంటా. కొనేటోళ్లకి ఒక మాట: కత్తి తీసుకునేటప్పుడు జేబుల చిన్న ఆకురాయి పెట్టుకుని పోండి, అంచు పక్కన మెల్లగ గీయండి. కమ్మరి ఏమీ అనుకోడు, పని తెలిసినోడైతే ఇంకా సంబరపడతడు. ఇంకొకటి, ఏండ్ల తరబడి లారీ కింద అరిగిన పట్టీల్లో కంటికి కనపడని పగుళ్లు ఉంటయి. పట్టీ కొత్తదా పాతదా అడగండి.

ఆ కత్తి నాకు కొరియరు చెయ్ అన్నా, మళ్ల కాల్చి పంపిస్త. పైసలొద్దు.

ఇందూరు_వాలా (నిజామాబాద్)

ఇనుము మాట వచ్చింది కాబట్టి. మా జిల్లా కోనసముద్రంలో వెనకట ఉక్కు చేసేవాళ్లు, మూసలో ఇనుము పెట్టి కరిగించి. ఆ ఉక్కు పర్షియా దాకా పోయింది, అక్కడ దానితో కత్తులు చేసేవాళ్లు. నీటి అలల్లాంటి గీతలుండే డమాస్కస్ కత్తుల ఉక్కు ఈ రకందే. ఇప్పుడు రెండు వేలకు ఆన్‌లైన్‌లో ‘డమాస్కస్’ అని అమ్మేది అది కాదు. రెండు రకాల ఇనుము పొరలు పొరలుగా కలిపి కొట్టినవి కొన్ని, ఆసిడ్‌తో పైపైన గీతలు అద్దినవి కొన్ని. గీతలు నిజమో కాదో తెలియాలంటే చిన్నచోట సాండ్ పేపరు కొట్టి ఫెర్రిక్ క్లోరైడ్ (ఇనుముని కొరికే రసాయనం) రాయండి. అద్దినవైతే గీతలు తిరిగి రావు.

లాయరు_గారు (హైదరాబాద్)

నన్ను తలుచుకున్నారు కాబట్టి వచ్చాను. రెండు చట్టాలు చూసుకోండి.

ఆయుధాల చట్టం 1959 కింద ఉన్న నిబంధనల్లో 9 అంగుళాల కంటే పొడవు లేదా 2 అంగుళాల కంటే వెడల్పు బ్లేడు ఉన్న కత్తులు ఒక వర్గం. ఇంటి పనికీ వ్యవసాయానికీ తయారైనవి అందులోకి రావు. ప్రభుత్వం నోటిఫై చేసిన ప్రాంతాల్లో ఆ వర్గానికి లైసెన్సు అడుగుతారు. ఇక్కడ మాట్లాడుకుంటున్న నాలుగు అంగుళాల కత్తులు ఆ కొలతకి చాలా దూరం. అలాగని రాత్రి పదకొండింటికి నడుముకి కట్టుకుని బజార్లో తిరిగితే పోలీసు ఆపడని కాదు. బ్యాగులో అడుగున, ఒరలో, వంట సామానుతో పెట్టుకోండి.

అసలు చిక్కు రెండోది. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972, సెక్షన్ 31. అభయారణ్యంలోకి రాతపూర్వక అనుమతి లేకుండా ఆయుధంతో వెళ్లకూడదు. ఆయుధం అంటే ఏమిటో సెక్షన్ 2(35)లో ఉంది, అందులో కత్తులు అన్న మాట నేరుగా ఉంది, పొడవు కొలత ఏమీ లేదు. జాతీయ పార్కులకీ ఇదే వర్తిస్తుంది. కాబట్టి అమ్రాబాద్, శ్రీశైలం, పాపికొండలు, శేషాచలం, ఎక్కడికి వెళ్లినా గేటు దగ్గర అటవీ శాఖ వాళ్లకి చెప్పండి, పక్కన పెట్టమంటే పెట్టేయండి. విమానంలో క్యాబిన్ బ్యాగులో కత్తి పెట్టకూడదని వేరే చెప్పక్కర్లేదు.

విశాఖ_ఘాట్ (విశాఖపట్నం)

మరి తలకోన వెళ్లేవాడు కూరగాయలు ఎలా కోసుకోవాలి సార్?

లాయరు_గారు (హైదరాబాద్)

ఇంట్లో కోసి డబ్బాలో తెచ్చుకోవాలి. నేను అలాగే చేస్తాను.

డాలస్_బాబాయ్ (టెక్సస్)

ఇక్కడ సంగతి వేరు. టెక్సస్‌లో 2017 నుంచి అయిదున్నర అంగుళాల పైన బ్లేడు ఉన్నా పెద్దవాళ్లు వెంట పెట్టుకోవచ్చు, బడులు, బార్లు లాంటి కొన్నిచోట్ల తప్ప. అందుకని మా వాళ్లు కత్తి కొనడం మొదలుపెడితే ఆగరు. నేనూ బెకర్ బీకే2 కొన్నాను, పావు అంగుళం మందం, అర కిలోకి కాస్త తక్కువ బరువు. కట్టె చీల్చడానికి బ్రహ్మాండం. క్యాంపుకి వెళ్లిన ప్రతిసారీ మా ఆవిడ తెచ్చిన వంటింటి చాకే రోజంతా పని చేస్తుంది, నాది ఒరలో కూర్చుంటుంది.

ఇండియాకి వచ్చేటప్పుడు మేనల్లుళ్లకి మోరాలే తెస్తాను, చెక్‌ఇన్ బ్యాగులో. స్ప్రింగుతో తెరుచుకునే రకం మాత్రం తేను, కస్టమ్స్ దగ్గర టెన్షన్ ఎందుకు?

ఒక సలహా, కొండదారీ. మోరాలో కార్బన్ స్టీలు రకం కూడా చూడు. ఇంకా సన్నం, 2 మిల్లీమీటర్లే. పదును తొందరగా ఎక్కుతుంది. మా పొడి గాలికి బాగుంటుంది, మీ తీరం వాళ్లకి వద్దనుకుంటా.

సముద్రపు_గాలి (మచిలీపట్నం)

వద్దు బాబాయ్, అస్సలు వద్దు. మా ఇంట్లో గోడకి కొట్టిన మేకు కూడా ఏడాదికి ఉబ్బుతుంది. చేపలు కోసేవాళ్లకి స్టెయిన్‌లెస్ తప్ప వేరే మాట లేదు. చేప పని అయ్యాక మంచినీళ్లతో కడిగి ఆరబెట్టండి, ఉప్పు ఉంటే స్టెయిన్‌లెస్‌కి కూడా చుక్కలొస్తాయి. మోరా ఒర అడుగున చిన్న కంత ఉంటుంది, నీళ్లు పోవడానికి. పొలుసులు అడ్డం పడకుండా చూసుకోండి.

కొత్త_ట్రెక్కర్ (వరంగల్)

అన్నలూ, అక్కలూ, అంతా చదివిన. నాకు మొత్తం బడ్జెట్టు మూడు వేలు. కత్తి ఒక్కటే కొనాల్నా, రాయి కూడా కొనాల్నా? మా వీధిల సానె పట్టేటాయన సైకిలు మీద వస్తడు, ఆయనతోని పట్టిస్తే కాదా?

కొండదారి (కడప)

రాయి కూడా కొను. వీధి సాన చక్రం తప్పుకాదు, కత్తెరలకీ కొడవళ్లకీ బాగానే ఉంటుంది. సన్నటి అంచున్న కత్తిని మాత్రం నీళ్లు లేకుండా చక్రానికి పెడితే నిప్పురవ్వలు వస్తాయి చూడు, ఆ వేడికి అంచు నీలం రంగు తిరుగుతుంది. నీలం తిరిగిన చోట ఉక్కు మెత్తబడినట్టే, ఎంత పదును పెట్టినా రెండు తాళ్లకి పోతుంది.

రెండు వైపులా వాడే డైమండ్ ప్లేట్, ఒకవైపు 400 గ్రిట్ (గరుకు), ఇంకోవైపు 1000 గ్రిట్ (నునుపు), వెయ్యి రూపాయల లోపు దొరుకుతాయి. హార్డువేరు షాపులో అమ్మే నల్ల కార్బొరండం రాయి ఇంకా చౌక, గరుకు ఎక్కువ, బాగా మొద్దుబారిన వాటికే వాడు.

పట్టే పద్ధతి చెప్తా. మోరా బ్లేడు పక్కన వెడల్పాటి ఏటవాలు చెక్కుడు ఉంటుంది, వేలితో తడిమితే తెలుస్తుంది. దాన్ని పూర్తిగా రాయికి ఆనించు, కోణం లెక్కపెట్టే పని ఉండదు. కొత్తవాళ్లకి ఈ కత్తి చెప్పడానికి సగం కారణం ఇదే. ముందు ఆ చెక్కుడు మీద పర్మనెంట్ మార్కరుతో నల్లగా పూయి. రెండు మూడు సార్లు రాయి మీద తోసి, వెలుతురులో చూడు. ఎక్కడ ఇంకు పోయిందో అక్కడే రాయి తగులుతోంది. అంచు దగ్గర నల్ల గీత మిగిలిందంటే వెన్ను మరీ దించి పట్టావు, కొద్దిగా ఎత్తు. అంచు దగ్గరే పోయి పైన మిగిలిందంటే ఎక్కువ ఎత్తావు. ఇంకు మొత్తం పోయేలా పట్టడం వచ్చాక ఒక వైపే రుద్దుతూ ఉండు, అవతలి వైపు అంచు మీద గోరు అడ్డంగా లాగితే సన్నటి గరుకు తగిలేదాకా. అది తగిలితే అంచు దాకా చేరినట్టు. అప్పుడు తిప్పి రెండో వైపు. చివర్లో పాత తోలు బెల్టు మీద వెన్ను ముందుండేలా వెనక్కి లాగు, ఆ గరుకు పోతుంది. వేలు అంచు వెంట నిలువుగా మాత్రం లాగకు.

అరకు_అమ్మాయి (పాడేరు)

తమ్ముడూ, మార్కరు పద్ధతి ముందు వంటింటి చాకు మీద నేర్చుకో. చెడినా అమ్మ తిట్టడంతో పోతుంది.

కొత్త_ట్రెక్కర్ (వరంగల్)

సరే అక్కా. మోరా ఆర్డరు పెట్టిన, డైమండ్ ప్లేట్ కూడా. ఒక డౌటు, తోలు ఒర విడిగా కొనాల్నా? ఫొటోల్ల బాగ కొడుతుంది.

సముద్రపు_గాలి (మచిలీపట్నం)

ఫొటోకి కొనుక్కో, కత్తిని అందులో నెలల తరబడి పెట్టకు. తోలు తేమ పట్టుకుంటుంది, చర్మాన్ని తోలుగా మార్చేటప్పుడు వాడే రసాయనాలు కూడా ఉక్కుకి పడవు. దానితో వచ్చే ప్లాస్టిక్ ఒరే మంచిది, తలకిందులుగా పట్టుకున్నా జారదు.

కొలిమి_మనవడు (సిద్దిపేట)

వరంగల్ తమ్మీ, మా ఊరు నీకు ఎంత దూరం? మోరా వచ్చినంక దాన్ని పట్టుకుని ఒక ఆదివారం రా, కొండదారి అన్న కత్తి అప్పటికి తయారైతది. రెండింటికీ అదే కొబ్బరి తాడు పెట్టి చూద్దాం, ఫలితం ఇక్కడే రాద్దువు.

కొండదారి (కడప)

కొరియరు రేపు పొద్దున వేస్తున్నా. తాడు మాత్రం ఒకే చుట్ట నుంచి కోయండి, లేకపోతే నేను ఒప్పుకోను.